కిలో జులియెట్ కింద గీత

మా నాన్న మంచివాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. పంతొమ్మిది వందల ఎనభై ఏడు వేసవిలో ఆయన చూపు పోయింది. జాలి పడాల్సిన చోట పడ్డాను. కానీ అదే వేసవిలో ఆయన్ని మాంచెస్టర్ విమానాశ్రయం కంచె దగ్గర మడత కుర్చీతో సహా వదిలేసి, బస్సెక్కి వచ్చేద్దామని కనీసం నాలుగుసార్లు అనుకున్నాను.

చూపు పోవడమంటే కటిక చీకటి కాదు. చూపుకి సరిగ్గా నడుమ మసి మచ్చ పడింది. పక్కలు కనిపిస్తాయి. దేన్ని సూటిగా చూస్తే అది మాయమవుతుంది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇది తగ్గేది కాదని చెప్పి, ఇంకేమైనా అడగాలా అంది. నాన్న ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"విమానం తోక దగ్గర రాసుండే నెంబరు చదవగలనా?"

ఆవిడ తమాషాకి అడిగాడనుకుని నవ్వింది. దారి పొడుగునా నాన్న ఆవిణ్ణి తిడుతూనే ఉన్నాడు.

నాన్న పేరు విల్ఫ్ బర్డెకిన్. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. ఆయన నడిపిన బస్సుల గురించి ఇంట్లో ఒక్క మాట చెప్పగా నేను వినలేదు. చూసిన విమానాల గురించి మాత్రం పెళ్ళిళ్ళలో, చావుల్లో, అమ్మ పురుటి నొప్పుల్లో కూడా చెప్పాడట. రన్‌వే చివర, పబ్ వెనక పచ్చికలో ముప్పై ఏళ్ళుగా శని, ఆదివారాలన్నీ గడిపాడు. ఆయనలాంటివాళ్ళు అక్కడ పాతికమందిదాకా ఉంటారు. అందరి దగ్గరా ఒకే పుస్తకం ఉంటుంది. దేశంలో ఉన్న ప్రతి విమానం నెంబరూ అందులో అచ్చువేసి ఉంటుంది. కళ్ళారా చూసినదాని కింద స్కేలు పెట్టి, నీలం పెన్నుతో గీత గీసుకోవాలి. పని మొత్తం అంతే. దానికి జీతం లేదు, బహుమతి లేదు. గీత మాత్రం నిజం గీత అయి ఉండాలి. వేరేవాళ్ళు చూసి చెప్తే గీయకూడదు. ఫోటోలో చూస్తే గీయకూడదు. రేడియోలో పైలట్ గొంతు వింటే అసలే గీయకూడదు. ఆ రూలుని కంచె దగ్గర అందరికంటే గట్టిగా పట్టుకున్నది మా నాన్నే. విమానాల మాటలు వినే రేడియోలు అందరి మెడల్లోకీ వచ్చాక కూడా ఆయన కొనలేదు. రేడియోవాళ్ళని చెవులగాళ్ళు అనేవాడు.

నేను స్కూలు వంటగదిలో పనిచేస్తాను. ఆరు వారాల వేసవి సెలవులు. మొగుణ్ణి వదిలేసి నాన్న దగ్గరికి వచ్చి రెండేళ్ళయింది. ఆ సెలవుల్లో ఒక వారం రిల్‌లో సముద్రం ఒడ్డున గడపాలని డబ్బు కూడా కట్టాను. నాన్న వెనక గదిలో గోడకేసి కూర్చోవడం మొదలుపెట్టాక అది పోయింది. రెండు వారాలు కుర్చీలోంచి లేవలేదు. పెట్టింది తినలేదు. గెడ్డం గీసుకోలేదు. పొట్ట లోపలికి, భుజాలు ముందుకి, మనిషి కళ్ళముందే కుంగిపోతున్నాడు. ఇలాగే ఉంటే ఈ చలికాలం దాటడని నాకు అర్థమైంది.

"నాన్నా, రేడియో కొందాం. వినొచ్చు కదా."

"చాటునుంచి మాటలు వినడానికి నేనేమైనా పెళ్ళివారింటి పెద్దమ్మనా?"

అయినా కొన్నాను. ఊళ్ళో పెద్ద దుకాణంలో కుర్రాడు ఒక నల్లటి పెట్టె చూపించాడు. ఇరవై నాలుగు మీటలు, మెరిసే అంకెల కిటికీ. ఇది తనంతట తానే వెతుక్కుంటుందని, ఆకాశంలో దేన్నైనా పట్టేస్తుందని చెప్పాడు. డబ్బా మీద విమానం బొమ్మ కూడా ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను.

ఆదివారం ఆయన్ని బలవంతంగా కంచె దగ్గరికి తీసుకెళ్ళి ఆ పెట్టె చేతిలో పెట్టాను. మొదట టాక్సీవాళ్ళు మాట్లాడారు. తర్వాత ఎవరో ప్లంబరు తన పెళ్ళానికి ఆలస్యమవుతుందని చెప్పాడు. విమానాల గొంతులు వచ్చాయి గానీ, దిండు కింద నోరు నొక్కేసినట్టు వచ్చాయి. నాన్న తడుముకుంటూ ఏదో మీట నొక్కాడు. దుకాణం కుర్రాడు ఎక్కించి ఇచ్చిన స్టేషన్ల అంకెలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి.

పక్కనే ఉన్న క్లైవ్ ఆర్మరాడ్ గట్టిగా నవ్వాడు. రైల్వేలో గుమాస్తా. ముప్పై ఏళ్ళుగా నాన్నకి పక్క కుర్చీ, ముప్పై ఏళ్ళుగా పడదు.

"ఏం విల్ఫ్, చివరికి నువ్వూ చెవులగాడివే అయ్యావా?"

నాన్న ఆ పెట్టెని కంచె కేసి విసిరి కొట్టాడు. తర్వాత నాకేసి తిరిగాడు. చూపు నా చెవి పక్కగా పోయింది.

"నిన్నెవరు అడిగారే? కళ్ళు పోయినవాడికి అద్దం కొనిచ్చినట్టు కొనిచ్చావు."

బస్సులో ఇద్దరం వేరు వేరు సీట్లలో కూర్చుని ఇంటికొచ్చాం.

ఈ లోకంలో విమానాల రేడియోల గురించి నాకు తెలిసినవాళ్ళలో బాగా తెలిసినవాడు ఒక్కడే, నా తమ్ముడు కీత్. స్టాక్‌పోర్ట్‌లో రైలు వంతెన కింద రిపేరు కొట్టు. వాడికీ నాన్నకీ పద్దెనిమిదేళ్ళుగా మాటల్లేవు. అమ్మ అంత్యక్రియలకి వచ్చి కూడా చర్చి వెనక బెంచీలో కూర్చుని, పాట అయిపోకముందే వెళ్ళిపోయాడు.

ఎందుకంటే చెప్తాను. చెప్తే బయటివాళ్ళు నవ్వుతారు. ఒక గీత గురించి.

అరవై తొమ్మిది డిసెంబరులో ఒక శనివారం. చాచిన చెయ్యి కనిపించనంత పొగమంచు. కీత్‌కి పదిహేనేళ్ళు. వాడే అతుకులు వేసి తయారు చేసుకున్న రేడియో మెడలో ఉంది. నేను ఫ్లాస్కుతో టీ తీసుకెళ్ళి అక్కడే ఉన్నాను. రేడియోలో ఒక పైలట్ గొంతు వినిపించింది. నెంబరంటాం గానీ విమానం మీద ఉండేవి అక్షరాలే, చివరి రెండే చెప్పాడు: కె, జె. రేడియో భాషలో కిలో, జులియెట్. నాలుగు పంకాల పాత రకం. దేశంలో అలాంటివి పదకొండే ఉండేవి, పదింటిని నాన్న చూశాడు, కీత్ కూడా చూశాడు. ఇద్దరికీ మిగిలింది ఆ ఒక్కటే. అది రెండుసార్లు దిగబోయింది. రన్‌వే కనపడక మా తలల మీదుగా గర్జించుకుంటూ పైకి లేచి వేరే ఊరు వెళ్ళిపోయింది. దాన్ని ఎవరూ చూడలేదు.

కీత్ పుస్తకం తీసి దాని కింద గీత గీశాడు.

"చూశావా?" అన్నాడు నాన్న.

"విన్నాను నాన్నా. మన నెత్తిమీద నుంచే పోయింది కదా."

"చూశావా?"

"లేదు."

నాన్న వాడి చేతిలోంచి పుస్తకం లాక్కున్నాడు. పై జేబులో బ్లేడు ఎప్పుడూ ఉండేది, పొరపాటు గీతలు గీకడానికి. అందరినీ పిలిచాడు. అందరూ చూస్తుండగా ఆ గీతని కాగితం మీంచి గీకేశాడు. "అబద్ధాలకోరుని కన్నాను" అన్నాడు. క్లైవ్, ఇంకొందరు నవ్వారు. మంచుగీత అని వాడికి పేరు పడింది, బడిదాకా పాకింది. కిలో జులియెట్ మళ్ళీ రాలేదు. వసంతంలో దాన్ని ఏదో దేశానికి అమ్మేశారు, అక్కడ ముక్కలు చేసేశారు. ఆ రోజు నుంచి కీత్ నాన్నతో మాట్లాడలేదు, పదిహేడో ఏట ఇల్లు వదిలాడు. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి మా నాన్న. వెతకలేదు.

విరిగిన పెట్టె సంచీలో వేసుకుని కీత్ కొట్టుకి వెళ్ళాను. వాడు తల ఎత్తలేదు.

"ఆయన పంపాడా?"

"ఆయనకి తెలీదు."

"అయితే ఇంకేం. టీ తాగి పో."

"కీత్, ఆయనకి చూపు పోయింది."

టంకం వేసే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పొగ లేచింది. మళ్ళీ కదిలింది.

"ఆ ఇంట్లో చూపు పోనిదెవరికి?" అన్నాడు.

నేను కదలకపోయేసరికి సంచీ లాక్కుని పెట్టె బయటికి తీశాడు. దాన్ని చూసి మొహం చిట్లించాడు.

"దీన్ని నీకెవడు అంటగట్టాడు? మాట్లాడే పద్ధతులు రెండుంటాయి బెరిల్. టాక్సీలదొకటి, విమానాలదొకటి. విమానాలది మన పాత మీడియం వేవ్ స్టేషన్ల పద్ధతి. ఈ డబ్బాకి టాక్సీ భాషే వచ్చు. విమానం స్టేషను దొరుకుతుంది గానీ మాట అర్థం కాదు. ఏం వినాలంట ఆయనకి?"

"విమానాలు."

"సంతకెళ్ళి కూరగాయలివ్వండి అన్నట్టుంది. దిగేవా, ఎగిరేవా, నేలమీద పాకేవా, పైన ముప్పైవేల అడుగుల్లో ఎటో పోయేవా?"

"దిగేవి. ఎగిరేవాటిని చూస్తే వెళ్ళిపోతున్నాయనిపిస్తుందంటాడు కదా."

వాడు ముక్కుతో నవ్వాడు. అరల్లోంచి మూడు తీసి బల్ల మీద పెట్టాడు. మొదటిది మీటలది, పోయినదానిలాంటిదే, కానీ విమానాల భాష వచ్చినది. నాకు అదే బాగుందనిపించింది.

"కళ్ళున్నవాడికి బాగుంటుంది. ఇది ఎవరి గొంతు వినపడితే వాళ్ళమీదకి గెంతుతుంది. ఎక్కడున్నామో కిటికీలో అంకె చూసి తెలుసుకోవాలి. ఆయన ఏం చూస్తాడు? ఇక్కడి టవరో, ఎక్కడో ప్రెస్టన్‌లో కూర్చున్నవాడో తెలీక పిచ్చెక్కిపోతాడు." రెండోది వంటింటి రేడియోలా ఉంది. "ఇందులో పాటలు, వార్తలు, అన్నిటితోపాటు విమానాలు కూడా. విమానాల పట్టీ మొత్తం రెండు అంగుళాల్లో ఇరికించారు. వెంట్రుకవాసి తిప్పితే నాలుగు స్టేషన్లు దాటిపోతాయి. ఒకేసారి ఇద్దరు మాట్లాడతారు."

మూడోది పాతది. చేతిలో ఇమిడేంత గోధుమరంగు డబ్బా. కిటికీ లేదు. పెద్ద గుండ్రటి మీట ఒకటి, చిన్న మీటలు రెండు.

"ఇది విమానాలు తప్ప ఇంకేమీ వినదు. మొండిది. ఆయనకి జోడీ."

వాడు పెద్ద మీటని ఊడదీసి ఆకురాయితో దాని అంచున గాట్లు పెట్టాడు. ఒక గాటు పైకొస్తే టవరు. రెండు గాట్లయితే నేలమీద నడిపించేవాళ్ళు. మూడయితే దిగడానికి దూరం నుంచి వచ్చేవాళ్ళని పిలుచుకునేవాళ్ళు. గోరుతో తడిమితే చాలు, చూడక్కర్లేదు. గొంతులు పట్టే తీగ రెండు అడుగులు ఉంచాడు, అంతకంటే పొడుగు దండగన్నాడు. చెవిలో పెట్టుకునేది ఒక్క చెవికే ఇచ్చాడు. రెండోది ఇంజన్ల కోసం ఖాళీగా ఉండాలట.

"ఈ చిన్న మీట గరగర మింగేస్తుంది," అన్నాడు ఆఖర్న. "పూర్తిగా తిప్పేస్తే చెవికి హాయిగా ఉంటుంది, కానీ గరగరతోపాటు దూరపు గొంతులు కూడా పోతాయి. ఆయన పూర్తిగానే తిప్పేస్తాడు. తనకి నచ్చినంతే వినే మనిషి. కొంచెం గరగర రానివ్వమను."

"నువ్వే వచ్చి చెప్పరాదూ?"

"ఇది ఆయన కోసం చేయలేదు. చెడ్డ పని చేస్తే నా కొట్టు పేరు పోతుంది. నా పేరు ఎత్తావంటే మళ్ళీ నీ మొహం చూడను."

నేను దుకాణంలో మార్చుకొచ్చానని నాన్నకి చెప్పాను. ఆయన మీట మీద గోరు పెట్టి గాట్లు తడిమాడు. మళ్ళీ తడిమాడు. ఏ దుకాణం అని అడగలేదు.

మర్నాడే గెడ్డం గీసుకున్నాడు.

ఆగస్టంతా కంచె దగ్గరే. విమానాల మాటలు వినడం చట్టప్రకారం నేరమట. గస్తీ పోలీసు రోజూ కారాపి, ఈ పూట పెద్దదేమైనా దిగుతుందా అని అడిగి వెళ్ళేవాడు. నాన్న మూడు గాట్ల దగ్గర మొదలుపెట్టి, దూరాన గొంతు పట్టుకుని, ఒక గాటుకి తిప్పి, అది దిగేదాకా వెంట ఉండేవాడు. ఇంజన్ చప్పుడుని బట్టి రకం చెప్పేవాడు. ఎప్పుడూ తప్పలేదు. నేను అన్నం పెట్టినప్పుడు, దారి చూపినప్పుడు థాంక్స్ చెప్పని మనిషి పైలట్లకి మాత్రం "మెల్లగా నాయనా, మెల్లగా" అని చెప్పేవాడు. నాకు ఒళ్ళు మండేది.

పుస్తకం మాత్రం ఒళ్ళో మూసే ఉండేది. క్లైవ్ దాన్ని చూశాడు.

"గీతల్లేవా విల్ఫ్?"

"చూడనిదాన్ని గీయను."

"మంచిది. లేకపోతే బ్లేడు నేను తేవాల్సి వచ్చేది. నీ కొడుక్కి చేసింది నీకూ చేయాలి కదా."

నాన్న చెవిలోది సరిచేసుకున్నాడు. దవడ కండ మాత్రం ఆడింది. అది కోపం అనుకున్నాను.

ఆగస్టు చివర్లో ఒక మధ్యాహ్నం ఒకటే వాన. బయటికి వెళ్ళే వీలు లేదు. నాన్న బీరువాలోంచి పుస్తకం తెప్పించాడు. అట్ట ఎప్పుడో ఊడిపోతే అమ్మ గుడ్డ అంటించింది.

"చదవవే. గీతలు లేనివి మాత్రమే. మొదటి పేజీ నుంచి. ఎన్ని మిగిలిపోయాయో తెలియాలి నాకు."

గీతల్లేని నెంబర్లు చదువుకుంటూ వెళ్ళాను. ఒక్కొక్కదానికీ ఆయన "ఆఁ", "అది స్కాట్లండు దాటి రాదు", "అది కూలిపోయింది" అంటున్నాడు. ఇన్నేళ్ళలో మేమిద్దరం పోట్లాడకుండా అంతసేపు ఒక గదిలో కూర్చోవడం అదే మొదలు. నలభై ఒకటో పేజీకి వచ్చాను. నాలుగు పంకాల పాత రకం. ఒకదాని కింద ఒకటి పదకొండు నెంబర్లు. గీతలు కూడా పదకొండు.

నేను మళ్ళీ లెక్కపెట్టాను. కిలో జులియెట్ కింద నీలం గీత ఉంది. స్కేలు పెట్టి గీసిన తిన్నటి గీత. పక్కన ఆయన దస్తూరీతో తేదీ ఉంది. ఆ డిసెంబరు శనివారమే.

"ఆపావేం?"

"ఇక్కడ గీత ఉంది నాన్నా. కిలో జులియెట్ కింద."

కిటికీ మీద వాన కొడుతోంది. ఆయన ఒళ్ళో ఉన్న రేడియో మీటని గోరుతో తిప్పాడు. ఒక గాటు, రెండు, మూడు.

"ఎవరూ రావట్లేదు. వానకి అన్నీ ఆలస్యం," అన్నాడు.

"చూశావా దాన్ని?"

ఆయన మీటని మళ్ళీ మొదటి గాటుకి తిప్పాడు.

"నేనక్కడే ఉన్నాను నాన్నా. నా చేతిలో ఫ్లాస్కే నాకు కనపడలేదు. చూశావా?"

"లేదు."

పుస్తకం టప్పున మూసేశాను.

"వాడిది గీకేశావు. పాతికమంది ముందు. అబద్ధాలకోరన్నావు. మరి నువ్వు?"

"వాడు అందరి ముందూ గీశాడు. నేను ఇంటికొచ్చాక గీశాను."

ఆ మాటన్నప్పుడు ఆ గొంతులో సిగ్గు లేదు. అదొక తేడా అన్నట్టే చెప్పాడు. బల్ల మీద టీ కప్పు ఉంది. ఆయన మొహాన కొట్టకుండా ఎలా ఆగానో నాకు తెలియదు. ఆయనే మళ్ళీ అన్నాడు.

"ఆ రకంలో నాకదొక్కటే మిగిలింది. ఇవాళ కాకపోతే వచ్చే వారం వస్తుంది, అప్పుడు నిజంగా చూసేస్తాను, గీత సరిపోతుంది అనుకున్నాను. అది మళ్ళీ రాలేదు."

"పద్దెనిమిదేళ్ళు నాన్నా. అమ్మ చచ్చిపోయింది. వాడు వెనక బెంచీలో కూర్చున్నాడు."

"తెలుసు. వాడి దగ్గు విన్నాను."

నేను లేచి వంటింట్లోకి పోయి, కుళాయి తిప్పి, వినపడకుండా ఏడ్చాను. జాలితో కాదు, కసితో. వాడు మంచుగీత అనిపించుకుంటూ బడికి వెళ్ళిన రోజులన్నీ గుర్తొచ్చాయి. మొదటి పేజీ నుంచి చదవమన్నాడు కదా, నలభై ఒకటో పేజీ వస్తుందని ఆయనకి తెలియదా? ఇప్పటికీ నాకు తెలియదు. అడగలేదు.

రెండ్రోజులు ఆయనకి టీ ఇచ్చాను, మాట ఇవ్వలేదు. మూడో రోజు గడప దగ్గర నిలబడి నా వైపు కాకుండా గోడ వైపు తిరిగి అన్నాడు. అలా తిరిగితేనే నేను కనిపిస్తాను.

"ఈ రేడియో గరగరలాడుతోందని వాడికి చెప్పు. సోమవారం కంచె దగ్గరికి వచ్చి చూడమను."

వాడు అంటే ఎవరని నేను అడగలేదు. గాట్లు తడిమిన మొదటి రోజే ఆయనకి తెలుసన్నమాట. కీత్ కొట్టుకి వెళ్ళి ఆ ఒక్క మాటే చెప్పాను, గీత సంగతి ఎత్తలేదు.

అది ఆగస్టు ఆఖరి సోమవారం, దేశమంతా సెలవు. పచ్చిక నిండా జనం, మడత కుర్చీలు, చీజ్ శాండ్‌విచ్‌లు, పిల్లలు. పొద్దున్నే నాన్న స్నానాలగది అలమరలో తడుముతుంటే, ఏం వెతుకుతున్నావని తలుపు తోశాను. "నీకెందుకు?" అన్నాడు.

కీత్ పదకొండింటికి వచ్చాడు. కోటు పై జేబులో స్క్రూడ్రైవరు, మొహంలో నెత్తురు చుక్క లేదు. క్లైవ్ వాణ్ణి గుర్తుపట్టి పక్కవాడి డొక్కలో పొడిచాడు.

"చూడు చూడు, మంచుగీత వచ్చాడు."

కీత్ అతని వంక చూడలేదు. నాన్న కుర్చీ ముందు నిలబడ్డాడు.

"ఏదీ, ఏం గరగర?"

"గాట్లు నీవే కదా," అన్నాడు నాన్న. "మూడోది లోతెక్కువైంది."

"వేళ్ళు మొద్దుబారినవాడికని చేశాను."

పద్దెనిమిదేళ్ళ తర్వాత వాళ్ళ మొదటి మాటలు అవి. నేను మధ్యలోకి వెళ్ళబోయి ఆగిపోయాను. నాన్న ఒళ్ళోంచి పుస్తకం తీసి, వాడు ఎక్కడున్నాడో సరిగ్గా తెలియక, కొంచెం పక్కకి చాచాడు.

"నలభై ఒకటో పేజీ. కిలో జులియెట్ చూడు."

కీత్ పుస్తకం తీసుకుని పేజీలు తిప్పాడు. వాడి కళ్ళు ఆ గీత మీద, తర్వాత తేదీ మీద ఆగిపోయాయి. వాడి మెడ ఎర్రబడటం నాకు కనిపించింది. పదిహేనో ఏట కూడా అలాగే ఎర్రబడేది.

"క్లైవ్, ఇటు రా. అందరూ రండి," అన్నాడు నాన్న గట్టిగా. బస్సు వెనక సీటుదాకా వినిపించే డ్రైవరు గొంతు. "అది దొంగగీత. నేను గీసింది. ఆ మంచు రోజు రాత్రి నా ఇంట్లో, నా స్కేలుతో గీశాను. నేను కూడా చూడలేదు. బ్లేడు నా పై జేబులో ఉంది కీత్. తీసుకో."

ఎవరూ నవ్వలేదు. రన్‌వే మీద ఏదో పెద్దది దిగింది. పచ్చికలో ఒక్కడు కూడా తల తిప్పి రాసుకోలేదు.

పోనీలే నాన్నా అంటాడనుకున్నాను. పుస్తకం మూసి తిరిగి ఇచ్చేస్తాడనుకున్నాను. తప్పు నాదే, వాడు కూడా బర్డెకినే. కీత్ వంగి, నాన్న జేబులోంచి బ్లేడు తీసి, పుస్తకాన్ని మోకాలి మీద పెట్టుకుని గీకడం మొదలుపెట్టాడు. తొందరపడలేదు. నీలం పోయింది. ఆ తర్వాత కూడా గీకాడు. కాగితం పొట్టు గాలికి ఎగిరింది. నాన్న ఆ చప్పుడు వింటూ కూర్చున్నాడు. రేడియో ఆపేసి మరీ విన్నాడు.

"చిరిగింది," అన్నాడు కీత్.

"చిరగనీ."

వాడు పేజీ మీద ఊది, పుస్తకం మూసి నాన్న ఒళ్ళో పెట్టాడు. బ్లేడు కాగితంలో చుట్టి తన జేబులో వేసుకున్నాడు. రేడియో ఎత్తి మళ్ళీ పెట్టి, చెవిలోది ఒక్క నిమిషం తన చెవిలో పెట్టుకుని విన్నాడు. చిన్న మీటని నాన్న చివరిదాకా తిప్పేసి ఉంచాడు, కొట్లో వాడు ముందే అన్నట్టే. కీత్ దాన్ని కొంచెం వెనక్కి తిప్పి, మళ్ళీ నాన్న చెవిలో పెట్టాడు.

"ఇలా ఉండనీ. గరగర ఉంటేనే దూరపువాళ్ళు వినపడతారు."

అంతే అన్నాడు. సెలవని గానీ, వస్తానని గానీ అనలేదు. క్లైవ్ పక్కనుంచి వెళ్తుంటే అతను దారి ఇచ్చాడు.

సెప్టెంబరులో నా బడి తెరిచారు. నాన్న పక్కింటావిడ చెయ్యి పట్టుకుని బస్సెక్కి, నేను లేకుండానే కంచె దగ్గరికి పోవడం నేర్చుకున్నాడు. ఆ రేడియో వారానికి నాలుగు బ్యాటరీలు తింటుంది. ప్రతి శుక్రవారం సాయంత్రం వంటింటి కిటికీ గట్టు మీద నాలుగు కొత్త బ్యాటరీలు ఉంటాయి. కీత్ ఎప్పుడు పెట్టి వెళ్తాడో నేను చూడలేదు. తలుపు కొట్టడు. నాన్న వాటిని తడిమి తీసుకుని, ఎవరు పెట్టారని అడగడు. వాళ్ళిద్దరూ ఇప్పటికీ మాట్లాడుకోరు. నేనూ రాజీ కుదర్చడం మానేశాను.

ఒక్కోరోజు బడి నుంచి వచ్చేసరికి ఆయన వెనక గదిలో, ఒళ్ళో పుస్తకం తెరుచుకుని కూర్చుని ఉంటాడు. నలభై ఒకటో పేజీ. ఆ కన్నం మీద వేలితో అటూ ఇటూ రాస్తుంటాడు. వేల గీతలున్న ఆ పుస్తకంలో ఆయన ఇప్పుడు చదవగలిగేది అదొక్కటే.